మేడారం జాతరకు మిలిటరీ విమానంల వచ్చినం: స్పేస్-ఏ మీద నా రివ్యూ

హన్మకొండల మా అమ్మగారింట్ల కూసొని రాస్తున్న. మా ఆయన అమెరికా ఆర్మీల చేస్తడు, మేం మేరీలాండ్ దిక్కు ఉంటం. 2024 ఫిబ్రవరి జాతరకు సగం దూరం మిలిటరీ విమానంల వచ్చినం అంటే చుట్టాలు, అక్కడి తెలుగు ఫ్రెండ్సు అందరూ ఒక్కటే అడుగుతున్నరు, నిజంగ ఫ్రీనా అని. అవు, టికెట్ పైసలు లేవు. కానీ పైసల బదులు రోజులు కట్టాలె, ఆ లెక్క తెల్వక బయల్దేరితే చానా ఇబ్బంది పడ్తరు, అందుకే పూర్తిగ రాస్తున్న.

దీన్ని స్పేస్-ఏ అంటరు, అంటే స్పేస్ అవైలబుల్. సామాను కోసమో డ్యూటీ మీద పోయేటోళ్ళ కోసమో ఎట్లాగూ ఎగిరే విమానంల సీట్లు మిగిలితే, సర్వీసుల ఉన్నోళ్ళకు, వాళ్ళ భార్యాపిల్లలకు, రిటైరైనోళ్ళకు ఇస్తరు. మన కోసం విమానం పోదు, అది పోయే దిక్కే మనం పోవాలె. మన కాజీపేట స్టేషన్ల వెయిటింగ్ లిస్టు లెక్కనే ఉంటది గని తేడా ఏందంటే ఇక్కడ ముందు క్యాటగిరీ చూస్తరు, తర్వాతనే సైనప్ చేసిన తారీకు, టైమ్. మొత్తం ఆరు క్యాటగిరీలు. ఇంట్ల చావో, సీరియస్ జబ్బో వచ్చి ఎమర్జెన్సీ లీవ్ మీద పోయేటోళ్ళు ఒకటో క్యాటగిరీ. మామూలు లీవ్ మీద పోయే సిపాయి, ఆయనతోని పోయే పెండ్లాంపిల్లలు మూడు. రిటైరైనోళ్ళు ఆఖరుకు, ఆరు. మీరు నెల ముందు సైనప్ చేసి ఉన్నా నిన్న సాయంత్రం వచ్చిన ఒకటో క్యాటగిరీ ఆయన మీకంటే ముందు ఎక్కుతడు, అది న్యాయమే కూడా.

ఇంకోటి, సైనప్ చెయ్యాలంటే లీవ్ మొదలై ఉండాలె. మా ఆయన లీవ్ ఫిబ్రవరి 9న మొదలైంది, అదే రోజు ఈమెయిల్ కొట్టినం, ఆ మెయిల్ ప్రింటు తీసి పెట్టుకున్నం. ఇది మస్తు ముఖ్యం, ఎందుకంటే కౌంటర్ల మీ పేరు కనపడకుంటే ఆ ప్రింటు మీద ఉన్న టైమే మీకు సాక్ష్యం. సైనప్ అరవై రోజుల దాకనో లీవ్ అయిపోయేదాకనో, ఏది ముందైతే అది, అప్పటిదాక చెల్లుతది.

మా బాబుకు నాలుగేండ్లు. వాడు కడుపుల ఉన్నప్పుడు నాకు ఆరోగ్యం బాగలేకుంటే అమ్మ సమ్మక్కకు నిలువెత్తు బంగారం, అంటే మనిషి బరువుకు సరిపడ బెల్లం, మొక్కింది, మొక్కు ఇంకా బాకీ ఉండె. జాతర 21 నుంచి 24 దాక, గురువారం 22న సమ్మక్క గద్దె మీదికి వస్తది, ఆ రోజుకు మేం అక్కడ ఉండాలె. అంటే మా చేతుల పన్నెండు పదమూడు రోజులున్నయి. చాలవా అనుకున్నం.

తూర్పు తీరంల ఒక బేస్‌కు పోయినం, పేరు చెప్పను. టెర్మినల్ స్క్రీన్ మీద రాబోయే మూడు రోజుల విమానాలు పెడ్తరు, ఎక్కడికి, రోల్ కాల్ (పేర్లు పిలిచి సీట్లు ఇచ్చేది) ఎన్నింటికి, సీట్లు ఎన్ని అని. సీట్ల నంబర్ పక్కన ఎఫ్ అని ఉంటే ఖాయం, టీ అని ఉంటే ఇంకా అనుమానం, టీబీడీ అని ఉంటే ఎవ్వరికీ తెల్వదు అన్నట్టు. 12న జర్మనీకి టీబీడీ అని ఉండె, ఆఖరుకు సున్నా సీట్లు. 13న పది సీట్లు ఖాయం అన్నరు, రోల్ కాల్ రెండింటికి అని కౌంటర్ల అతను నోటితోని చెప్పిండు, సరే అని బాబుకు అన్నం పెట్టుకొస్తం అని పోయినం, వచ్చేసరికి పన్నెండున్నరకే పిలిచి అయిపోయింది. టైమ్ మారింది, స్క్రీన్ మీద పెట్టినం అన్నరు. మాకు చెప్పినాయన సారీ అనిండు అంతే. ఆ రోజు ఏడుపొచ్చింది నాకు, మా వెనక సైనప్ చేసినోళ్ళు కూడా ఎక్కిపోయిన్రు. అప్పటిసంది నేను టెర్మినల్ విడిచి కదల్లేదు. మీరు కూడా నోటి మాట నమ్మకుండ్రి, స్క్రీన్ చూస్తనే ఉండుండ్రి, ఇద్దరున్నరంటే ఒకరు ఎప్పుడూ లోపట్నే ఉండాలె.

14న విమానం రిపేర్ అని ఆగింది. ఆ రాత్రి బాపుకు ఫోన్ చేసిన. మా బాపు మన ఆర్మీల చేసిండు, లేహ్ దిక్కు కూడా పోస్టింగ్ ఉండె. లీవ్ దొరికితే చండీగఢ్ దాక ఎయిర్ ఫోర్స్ కొరియర్ విమానంల దిగాలె, చలికాలం రోడ్లు మూతపడ్తయి కాబట్టి వేరే తొవ్వ లేదు, మబ్బు పడితే విమానం రాదు. సామాను కట్టుకొని పొద్దుగాల్నే ఎయిర్‌ఫీల్డ్‌కు పోవుడు, మధ్యాహ్నం వాపస్ బ్యారక్‌కు వచ్చుడు, ఇట్ల నాలుగైదు రోజులు. తర్వాత ఢిల్లీ, ఢిల్లీ నుంచి ఏపీ ఎక్స్‌ప్రెస్, కాజీపేటల దిగుడు. ఇంట్ల మాకు ఏ రోజు వస్తడో తెల్వకపోయేది, అమ్మ రోజూ ఒక గిన్నె ఎక్కువ బియ్యం పెట్టేది. "విమానం మన చేతుల లేదు బిడ్డా, నువ్వు లైన్ల ఉండుడే నీ చేతుల ఉంది, అక్కడే ఉండు" అనిండు బాపు. ముప్పై ఏండ్ల కింద ఆయన ఎట్ల ఎదురుచూసిండో నాకు ఆ బెంచీ మీద కూసున్నంకనే తెలిసింది.

15న పేరు పిలిచిన్రు! సీ-17 అనే సామాను మోసే పెద్ద మిలిటరీ విమానం, జర్మనీల రామ్‌స్టైన్ బేస్‌కు, దాదాపు ఎనిమిది గంటలు. లోపటికి పోతే విమానం లెక్క ఉండది, పెద్ద గోదాము లెక్క ఉంటది. నడిమిట్ల సామాను వలలేసి గొలుసులతోని కట్టి ఉంటది, మనం గోడ పొంటి మడత సీట్ల మీద ఒకరి పక్కన ఒకరం, ఎదురుగ సామాను. పైన పైపులు, వైర్లు అన్నీ కనపడుతయి. చెవులల్ల పెట్టుకునేటందుకు స్పాంజి ముక్కలు ఇస్తరు, అవి లేకుంటే ఆ మోతకు ఉండలేం, బాబుకు నేను ముందే పెద్ద ఇయర్ మఫ్స్ కొన్న. పైకి పోయినంక బెల్టు తీయొచ్చు అన్నరో లేదో అలవాటున్నోళ్ళు కింద పరుపులు, స్లీపింగ్ బ్యాగులు పరిచి పడుకున్నరు. మేం అమ్మ పంపిన చద్దరు పరిస్తే కింద ఇనుము సల్లదనం వీపుకు తగులుతనే ఉండె, కాళ్ళు గడ్డకట్టినయి. రెండు జతల సాక్సులు, మందం దుప్పటి తప్పకుండ పెట్టుకోండ్రి. చెప్పులు, వేళ్ళు కనపడే సాండిల్స్ వేసుకొని పోతే ఎక్కనియ్యరు, బూట్లే.

తిండి కావాలంటే ముందే చెప్పి డబ్బా భోజనం కొనుక్కోవాలె, కొన్ని డాలర్లే, శాండ్‌విచ్ లాంటిది. నేను పులిహోర, సకినాలు పెట్టుకున్న. పక్కన ఒక రిటైరైన ముసలి జంట ఉండె, ఆరో క్యాటగిరీ, వారం నుంచి అక్కడే ఉన్నరంట, ఆమెకు సకినం ఇస్తే ఒకటి తిని ఇంకోటి రుమాల్ల కట్టుకున్నది. చలికాలం కాబట్టి వాళ్ళకు సీటు దొరికింది, ఎండాకాలం సెలవులల్ల, డిసెంబర్ పండుగలప్పుడు అయితే ఆరో క్యాటగిరోళ్ళకు మస్తు కష్టం. పోవాలనుకునేటోళ్ళు జనవరి, ఫిబ్రవరిల చూసుకోండ్రి.

సామాను విషయంల మాత్రం ఏ ఎయిర్‌లైన్ ఇయ్యదు ఇట్ల, మనిషికి రెండు బ్యాగులు, ఒక్కోటి 70 పౌండ్లు, అంటే 32 కిలోల దాక. చిన్న విమానమైతే తగ్గిస్తరు, కాబట్టి నిండుగ నింపకుండ్రి. పేట్రియట్ ఎక్స్‌ప్రెస్ అని ఇంకోటుంది, అది మిలిటరీ కిరాయికి తీసుకున్న మామూలు ప్యాసింజర్ విమానం, మంచి సీట్లు, భోజనం, కొంచెం ట్యాక్స్ కట్టాలె. చిన్న పిల్లలున్నోళ్ళకు నేను అదే చెప్త.

మనోళ్ళు చానామంది మరిచేది వీసా. నాది ఇండియన్ పాస్‌పోర్టు, గ్రీన్ కార్డు ఉన్నా సరే జర్మనీల బయటికి రావాలంటే షెంగెన్ వీసా కావాలె, నేను నెలల ముందే తీసుకున్న. ఇండియాకు స్పేస్-ఏల నేరుగ వద్దామంటే కుదరది, రామ్‌స్టైన్‌ల దిగి, కైజర్స్‌లౌటర్న్‌ల రైలెక్కి, ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి హైదరాబాద్‌కు పైసలు పెట్టి టికెట్ కొన్నం. ఏ రోజు దిగుతమో తెల్వదు కాబట్టి ముందే కొనలేం, ఆఖరి నిమిషం రేటే పడ్తది. మొత్తం మీద ముగ్గురికి పెద్దగ మిగిలింది లేదు, హోటల్, తిండి లెక్కేస్తే సగం కూడా మిగల్లేదు. 19 రాత్రి హైదరాబాద్, 20 పొద్దుగాల హన్మకొండ. 22న మేడారంల బాబును తక్కెట్ల కూసోబెట్టి బెల్లం తూస్తే పదహారున్నర కిలోలొచ్చింది, అమ్మ గద్దె దిక్కు చూసుకుంట ఏడ్సింది.

మా అత్తమ్మ కూడా అడిగింది, మమ్మల్ని కూడా ఎక్కించుకొని పోతరా అని. మిలిటరీ ఇచ్చే డిపెండెంట్ (సిపాయి మీద ఆధారపడ్డోళ్ళ) ఐడీ కార్డు లేని అమ్మానాన్నలకు, తమ్ముళ్ళకు దొరకది, చెప్పేటప్పుడు నాకు బాధైంది. ఆయన తోడు లేకుండ నాకు, బాబుకు కూడా అక్కడ ఎక్కే హక్కు లేదు, అందుకే ఏప్రిల్‌కు మాకు మామూలు టికెట్ తీసినం. ఆయన లీవ్ అయిపోతుందని మార్చి మొదట్ల ఒక్కడే పోయిండు, రామ్‌స్టైన్‌ల ఒక్క రాత్రి ఆగితే పేట్రియట్‌ల సీటు దొరికింది, ఒక్క మనిషికి తొందరగ దొరుకుతది. దొరకకుంటే టికెట్ కొనేటందుకు పైసలు జేబుల పెట్టుకొనే పోయిండు, డ్యూటీకి లేటయితే ఆర్మీల ఊకోరు మరి.

నాలుగు స్టార్లు ఇస్తున్న. ఒక స్టారు ఆ 13వ తారీకుకు తీసేసిన. బాపు ఇప్పుడు రోజూ బాబును ఒళ్ళె కూసోబెట్టుకొని ఆ విమానం లోపల ఎట్లుందో అడుగుతుండు, వీడు రెండు చేతులు చెవులకు అడ్డం పెట్టుకొని చూపిస్తుండు.