ఎట్ ఫిల్మోర్ ఈస్ట్: నాలుగో సైడు చివర జరిగేది

అమెరికన్ రాక్ బృందం ఆల్‌మన్ బ్రదర్స్ బ్యాండ్ న్యూయార్క్‌లోని ఫిల్మోర్ ఈస్ట్ హాల్లో వాయించిన 1971 నాటి ఈ లైవ్ ఆల్బమ్ గురించి సదరన్ రాక్ వినేవాళ్లకి నేను కొత్తగా పరిచయం చేయాల్సింది ఏమీ లేదు. గిటారిస్టు డ్యూయేన్ ఆల్‌మన్ కొరిసిడిన్ అనే జలుబు మాత్రల గాజు సీసా వేలికి తొడుక్కుని, దాన్ని తీగల మీద జారుస్తూ స్లైడ్ వాయించడం, ఇద్దరు డ్రమ్మర్లు, ఇవన్నీ మీకు తెలిసినవే. నాకు ఈ ఆల్బమ్ మీద ఉన్న ప్రేమ, కోపం రెండూ ఒకే చోట ఉన్నాయి. ఆఖరి పాట ‘విప్పింగ్ పోస్ట్’ అయిపోయాక వచ్చే ఆఖరి క్షణాల్లో.

ఆ పాట దాదాపు 23 నిమిషాలు. రెండు ఎల్పీల ఈ ఆల్బమ్‌లో నాలుగో సైడు మొత్తం అదే. మా మొదటి ఆల్బమ్‌లో పాట అని డ్యూయేన్ చెప్తుండగానే జనంలోంచి ఎవరో పాట పేరు అరిచేస్తారు. బెరీ ఓక్లీ బేస్ గిటార్ ఎత్తుకుంటాడు. దాన్ని వేళ్ల మీద లెక్కపెట్టి చూడండి: మూడు, మూడు, మూడు, రెండు. పదకొండు. ఆ రెండు దగ్గర ఏదో తక్కువైందే అనుకునేలోపే మళ్లీ మొదటి మూడులో పడేస్తాడు. గొంతు అందుకోగానే ఈ తిరకాసంతా పోయి సాఫీగా మూళ్ల నడకలోకి వచ్చేస్తుంది. చిన్నప్పుడు తొడ మీద తాళం వేస్తూ సరళీ స్వరాలు నేర్చుకున్నవాళ్లకి ఈ మొదటి అరనిమిషం భలే నచ్చుతుంది. నాకైతే ఇప్పటికీ లెక్క తప్పుతుంది.

సరే, చివరికొద్దాం. మధ్యలో ఒకచోట తాళం గీళం అన్నీ వదిలేసి దాదాపు నిశ్శబ్దం దాకా వెళ్లిన పాట మళ్లీ పైకి లేచి, మొత్తానికి ముగుస్తుంది. చప్పట్లు. కానీ బ్యాండ్ ఆగదు. చప్పట్ల కింద డ్రమ్మర్ బచ్ ట్రక్స్ వాయించే టింపనీ, అంటే పెద్ద గిన్నెలాంటి డ్రమ్, మోగుతూనే ఉంటుంది, ఇంకేదో మొదలవబోతోందని మనకి అర్థమవుతుంటుంది. సరిగ్గా అప్పుడు సౌండ్ మెల్లగా తగ్గిపోయి రికార్డు అయిపోతుంది. వడ్డించిన విస్తరిని ముందు నుంచి లాగేసినట్టు ఉంటుంది. నా దగ్గరున్నది అట్లాంటాలో కొన్న సెకండ్‌హ్యాండ్ ఎల్పీ. చాలాకాలం అక్కడికొచ్చాక సూది ఎత్తి లోపల పెట్టేసేవాణ్ణి, అంతే.

అక్కడ మొదలయ్యేది ‘మౌంటెన్ జామ్’. ‘విప్పింగ్ పోస్ట్’ వాయించిన ఆ మార్చి 13 రాత్రే, అదే స్టేజి మీద, ఊపిరి తీసుకోకుండా వాయించింది. అది 1972లో వాళ్ల తర్వాతి ఆల్బమ్ ‘ఈట్ ఎ పీచ్’లో వచ్చింది. అంటే ఒకే రాత్రి ఆగకుండా సాగిన వాయిద్యాన్ని వినాలంటే ఈ ఆల్బమ్ నాలుగో సైడు అయ్యాక ఇంకో ఆల్బమ్ తీయాలి. ఆ పాట 33 నిమిషాలు కాబట్టి ఒక సైడులో పట్టదు. రెండు ముక్కలు చేశారు. పోనీ పక్కపక్కన పెట్టారా అంటే అదీ లేదు, మొదటి ముక్క రెండో సైడులో, రెండోది నాలుగో సైడులో! నిర్మాత టామ్ డౌడ్‌ని తిట్టుకుందామంటే మనసు రాదు. మొదటి రాత్రి స్టేజి మీదికొచ్చిన హార్న్ వాయిద్యాలను వద్దని పంపించేసి ఈ ఆల్బమ్‌ని కాపాడింది ఆయనే. ఒక సైడులో పాతిక నిమిషాలు పట్టడమే గగనమైన రోజుల్లో ఇంకేం చేస్తాడు?

2003 డీలక్స్ ఎడిషన్‌లో రెండు పాటలూ వరసగా ఉన్నాయని తెలిసి ఫోన్‌లో పెట్టాను. ‘విప్పింగ్ పోస్ట్’ ముగిసింది, చప్పట్లు, టింపనీ, ఇక వస్తుందనగా కార్ ఇన్సూరెన్స్ యాడ్. డబ్బులు కట్టి యాడ్లు తీయించాను. ఈసారి రెండు పాటలు కలిసే చోట ఏదో అలుక్కుపోయినట్టు, టింపనీ మీద టింపనీ పడి గందరగోళం. బ్యాండే అలా వాయించిందేమో అని కొన్ని వారాలు వింటూనే ఉన్నాను. తీరా చూస్తే యాప్‌లో క్రాస్‌ఫేడ్ ఆన్‌లో ఉంది, అంటే ఒక పాట చివర మీద తర్వాతి పాట మొదలుని కలిపేసే సెట్టింగ్. అది ఆపేసి విన్న రాత్రి సంగతి ఎలా చెప్పాలో తెలియదు. టింపనీ తెగకుండా అలాగే సాగింది, దాని మీద గిటార్ మెల్లగా, చంటిపిల్లల పాటలాంటి వరస ఎత్తుకుంది. ఇరవై మూడు నిమిషాల ఏడుపుగొట్టు పాట తర్వాత అంత తేలికైన సంతోషం వస్తుందని నేను అనుకోలేదు. ఇన్నాళ్లూ ఈ ఆల్బమ్ ముగింపు విషాదం అనుకుంటూ వచ్చాను. ఆ రాత్రి ఫిల్మోర్‌లో కూర్చున్నవాళ్లకి అది ముగింపే కాదు.

ఇది తెలిశాక మిగతా ఆల్బమ్ కూడా వేరేగా వినిపిస్తోంది. ఒక్క నిమిషం కూడా వేస్ట్ లేదని ఒకప్పుడు అందరికీ చెప్పేవాణ్ణి. ఇప్పుడు 19 నిమిషాల ‘యూ డోంట్ లవ్ మీ’లో డ్యూయేన్ ఒక్కడే వాయించే భాగం తప్ప మిగతాది వింటుంటే చెయ్యి ఫోన్ మీదికి పోతోంది. ‘ఇన్ మెమరీ ఆఫ్ ఎలిజబెత్ రీడ్’ మాత్రం ఏడాదికేడాది పెరుగుతోంది. బ్యాండ్‌లో రెండో గిటారిస్టు డిక్కీ బెట్స్ ఆ పేరుని జార్జియా రాష్ట్రంలోని మేకన్ ఊళ్లో రోజ్ హిల్ శ్మశానంలో ఒక సమాధి రాయి మీద చూసి పెట్టాడు. ఆల్బమ్ వచ్చిన ఏడాదే అక్టోబర్‌లో డ్యూయేన్, మరుసటి ఏడాది నవంబర్‌లో ఓక్లీ, ఇద్దరూ మేకన్‌లోనే మోటార్‌సైకిల్ ప్రమాదాల్లో పోయారు. ఇద్దరి సమాధులూ ఆ రోజ్ హిల్‌లోనే ఉన్నాయి.

కొనాలా వద్దా అంటే, అది మీ ఇంటి పరిస్థితిని బట్టి. మా ఆవిడ పదో నిమిషంలో “ఇంకా అవలేదా” అంటుంది కాబట్టి నేను కార్లోనే వింటాను. ఆఫీసుకి నలభై నిమిషాలు పడుతుంది, రెండు పాటలూ పూర్తవ్వాలంటే అదీ చాలదు. ట్రాఫిక్ ఉన్న రోజు ఫర్వాలేదు. ఎల్పీ మీద మోజు ఉంటే తీసుకోండి, జిమ్ మార్షల్ తీసిన ఆ కవర్ ఫోటో పెద్ద సైజులో చూడాల్సిందే. వినడానికి మాత్రం డీలక్స్ ఎడిషన్. అది కూడా ముందు సెట్టింగ్స్‌లోకి వెళ్లి క్రాస్‌ఫేడ్ ఆపేశాకే.