డెలివరీ పెట్టె ఒకటే, పేజీలు 63: వర్డ్‌ప్రెస్ ఓవర్‌రైడ్స్‌తో నా అనుభవం

మా పెద్దమ్మ వాళ్ల పచ్చళ్ల షాపు వెబ్‌సైట్‌ను 2020 నుంచి నేనే చూస్తున్నాను. ఇప్పుడు 63 పేజీలయ్యాయి. ప్రతి పచ్చడి పేజీ కిందా ఒక డెలివరీ పెట్టె ఉంటుంది. అందులో ఓ హెడ్డింగ్, రెండు మూడు వాక్యాలు, వాట్సాప్ బటన్, అంతే. మొదట్లో ఆ పెట్టెను కాపీ కొట్టి అన్ని పేజీల్లోనూ అతికించాను. కొరియర్ చార్జీ మొదటిసారి పెరిగినప్పుడు తెలిసొచ్చింది. ఆదివారం పొద్దంతా కూర్చుని మార్చినా నాలుగు పేజీలు మిగిలిపోయాయి.

దీనికి మందు అప్పటికే వర్డ్‌ప్రెస్‌లో (మా సైటును నడిపే సాఫ్ట్‌వేర్) ఉంది. 2018 డిసెంబరులో వచ్చిన 5.0 వెర్షన్‌తోనే రీయూజబుల్ బ్లాక్ అని, ఒకసారి తయారుచేసి ఎన్ని పేజీల్లోనైనా వాడుకునే ముక్కను ఇచ్చారు, నేనే పట్టించుకోలేదు. 2023 ఆగస్టులో 6.3 వచ్చినప్పుడు దాని పేరు సింక్డ్ ప్యాటర్న్ అని మార్చారు. (ఆ వారం మెనూలో పాత పేరు కనబడక నా బ్లాకులన్నీ పోయాయేమోనని కాసేపు టెన్షన్ పడ్డాను.) పెట్టెను ఒకచోట మారిస్తే అది వాడిన ప్రతి పేజీలోనూ మారిపోతుంది.

హాయిగానే ఉంది కానీ, వేసవి వచ్చేసరికి ఇరుక్కున్నాను. ఆవకాయ పేజీలో ‘కొత్త కాయ దిగింది, ముందే చెప్పుకోండి’ అని రాయాలి. గోంగూర పేజీలో ఆ మాట అక్కర్లేదు. అప్పట్లో ఉన్న దారి డిటాచ్ ఒక్కటే. అది నొక్కామంటే ఆ పేజీలోని పెట్టె వేరు కాపురం పెట్టినట్టే, తర్వాత అసలు పెట్టెలో ఏం మార్చినా దానికి కబురు వెళ్లదు. రెండేళ్లలో 20 పేజీలు అలా విడిపోయాయి. మళ్లీ కాపీ పేస్టు రోజులే.

2024 జూలైలో 6.6 తో ఓవర్‌రైడ్స్ వచ్చాయి. ప్యాటర్న్ తెరిచి, ఏ పేజీకి ఆ పేజీలో మారాల్సిన ముక్కను ఎంచుకుని, అడ్వాన్స్‌డ్ కింద ఓవర్‌రైడ్స్ ఆన్ చేసి దానికో పేరు పెడితే చాలు. నేను ‘సీజన్ మాట’ అని పెట్టాను. ఆ ముక్క ఏ పేజీకి కావాల్సినట్టు ఆ పేజీలో మారుతుంది, మిగతా పెట్టె మాత్రం అసలుతోనే కట్టుబడి ఉంటుంది. వద్దనుకుంటే రీసెట్ నొక్కితే అసలు మాట తిరిగొస్తుంది. రెండు రోజుల్లో ఆ 20 పేజీలనూ తిరిగి ఇంట్లోకి తెచ్చాను.

ఇక్కడే నేనొక తప్పు చేశాను. సీజన్ మాటా, ‘1500 దాటితే డెలివరీ ఉచితం’ అన్న మాటా ఒకే పేరాలో ఉండేవి. ఆ పేరాకే ఓవర్‌రైడ్ ఇచ్చి 11 పేజీల్లో మార్చాను. కొన్నాళ్లకు ఉచిత డెలివరీ హద్దు 2000కి పెంచి, ప్యాటర్న్‌లో మార్చేసి నిశ్చింతగా ఉన్నాను. ఒకాయన 1640 రూపాయలకు ఆవకాయా మాగాయా ఆర్డర్ పెట్టి, డెలివరీ చార్జీ పడేసరికి స్క్రీన్‌షాట్ పంపాడు. అందులో 1500 అనే ఉంది. పెద్దమ్మ ఫోన్ చేసి, “ఏరా, మన కొట్లో రెండు రేట్లేంట్రా?” అంది. చార్జీ మేమే పెట్టుకున్నాం.

పేజీలో ఓవర్‌రైడ్ చేసింది ఒక్క మాటే అయినా ఆ పేరా మొత్తం ఆ పేజీదైపోతుంది. ఆ తర్వాత అసలులో ఎన్ని మార్పులు చేసినా అక్కడికి చేరవు. అందుకే పేరాను రెండుగా విడగొట్టాను. డబ్బుకు, గడువుకు సంబంధించిన వాక్యానికి ఓవర్‌రైడ్ ఇవ్వను, సీజన్ మాటకే ఇస్తాను. వేరే రూపం కావాలనిపించినప్పుడల్లా ఇప్పుడు నన్ను నేను ఒకటే అడుగుతాను: రేపు అసలు మారితే ఇది కూడా మారాలా? మారాల్సిన మాటైతే తాళం వేసి ఉంచుతాను. ఆ పేజీ సొంత మాటైతే ఓవర్‌రైడ్.

అమెరికా పార్సిళ్ల సంగతి వేరు. బరువును బట్టి చార్జీ, ప్యాకింగ్, చేరే రోజులు, వెనక్కి తీసుకునే పద్ధతి, అన్నీ వేరే. దాన్ని కూడా ఇదే పెట్టెలో ఇరికించాలని ఒక నెల తిప్పలు పడ్డాను. హెడ్డింగు, పేరాలు, బటన్ అన్నీ మార్చేశాక ఇక ఉమ్మడిగా మిగిలింది బ్యాక్‌గ్రౌండ్ రంగొక్కటే! దానికి విడిగా ఇంకో ప్యాటర్న్ చేశాను. ఇంగ్లిష్ పేజీలకూ అంతే, వాటి పెట్టె వాటిదే. దసరా ఆఫర్ లాంటి ఒక్క పేజీ, ఒక్క వారం ముచ్చటకు మాత్రం ఇప్పటికీ డిటాచే మేలు.

లోట్లూ ఉన్నాయి. నేను మొదలుపెట్టినప్పుడు ఓవర్‌రైడ్ పనిచేసింది హెడ్డింగ్, పేరా, బటన్, ఇమేజ్ ఈ నాలుగింటికే. పావుకిలో, అరకిలో ధరల పట్టికకు కుదరలేదు. రంగు, సైజు పేజీకో రకంగా మార్చుకునే వీల్లేదు. ఏ ప్యాటర్న్ ఏ పేజీల్లో ఉందో, ఎక్కడెక్కడ ఓవర్‌రైడ్ చేశామో ఒకచోట చూపించే జాబితా లేకపోవడమే నాకు అన్నిటికంటే చిరాకు. అందుకే విడిగా ఒక షీటు పెట్టుకున్నాను.

పెద్ద కంపెనీలు వెబ్‌సైట్లకు వాడే అడోబీ ఎక్స్‌పీరియన్స్ మేనేజర్‌లోనూ తీరు ఇంచుమించు ఇదే. అక్కడ కంటెంట్ ఫ్రాగ్మెంట్‌కు (పలుచోట్ల వాడుకునే రాత ముక్క) వేరియేషన్, అంటే మరో రూపం చేస్తే అది అసలుకు నకలుగా మొదలవుతుంది, అసలు మారినంత మాత్రాన తనంతట తాను మారదు. సింక్ చేస్తేనే, అంటే అసలుతో కలిపితేనే మారుతుంది. అసలులో ఏం మారిందో చూపించి మరీ సింక్ చేయనిస్తుందక్కడ. వర్డ్‌ప్రెస్‌లో రీసెట్ నొక్కితే నా మాట మొత్తం పోతుంది. అడోబీలోని ఆ ఒక్క సదుపాయం చూస్తే మాత్రం కాస్త ఈర్ష్యే.

ప్రస్తుతం 14 పేజీల్లోనే ఓవర్‌రైడ్ ఉంది. ఆ 14 పేర్లూ షీటులో ఉన్నాయి. కొత్త ఆవకాయ జాడీలు ఖాళీ కాగానే ఒక్కొక్కటీ తెరిచి రీసెట్ నొక్కుకుంటూ పోవాలి.