ఎఫ్‌టుసి: ఆరేళ్ల వాడకం తరువాత

ఫోర్ట్రాన్ 77 అనే పాత ప్రోగ్రామింగ్ భాషలో రాసిన పాత లెక్కల ప్రోగ్రాములను సి భాషలోకి మార్చడానికి ఆరేళ్లుగా ఎఫ్‌టుసి (f2c) అనే ప్రోగ్రామునే వాడుతున్నాను. అది ఇచ్చే సి కోడ్ చదవడానికి కష్టంగా ఉంటుంది. అయినా దానిని కంపైల్ చేసేటప్పుడు (యంత్రభాషలోకి మార్చేటప్పుడు) వచ్చే ఎర్రర్లు చాలాసార్లు మూలంలోనే దాగి ఉన్న తప్పులను పట్టిస్తాయి కాబట్టి దానిని వదలలేదు.

కొత్తవారిని ముందుగా కంగారుపెట్టేవి లింకర్ (కంపైల్ అయిన ముక్కలను ఒకే ప్రోగ్రాముగా కలిపే సాధనం) ఇచ్చే ఎర్రర్లు. ఫోర్ట్రాన్‌లో ఫలితాలను రాసే రైట్ వాక్యాలన్నీ డూ_ఎఫ్‌ఐఓ వంటి ఫంక్షన్ కాల్స్‌గా మారతాయి. ఆ ఫంక్షన్లు ఉండే లిబ్‌ఎఫ్‌టుసి లైబ్రరీని జతచేస్తే ఆ ఎర్రర్లు పోతాయి.

దీని అసలు విలువ నాకు ‘కాన్‌ఫ్లిక్టింగ్ టైప్స్’ (పొసగని రకాలు) అనే ఎర్రర్ దగ్గర తెలిసింది. ఫైళ్లను విడివిడిగా కంపైల్ చేసినంతకాలం ఏ ఫిర్యాదూ లేదు. ఎఫ్‌టుసి పి ఆప్షన్‌తో ప్రోటోటైపుల (ప్రతి ఫంక్షన్ ఏ రకం విలువలను తీసుకుంటుందో చెప్పే ప్రకటనల) ఫైలు రాయించి, దానిని అన్ని సి ఫైళ్లలోనూ ఇన్‌క్లూడ్ చేయగానే ఒక సబ్‌రొటీన్ (ఉపప్రోగ్రాము) దగ్గర కంపైలర్ ఆగిపోయింది. వెతికితే, డబుల్ ప్రెసిషన్ (8 బైట్ల) విలువ కోసం చూసే ఆ సబ్‌రొటీన్‌కు ఎవరో 1.0డి-6కు బదులు 1.0ఈ-6 పంపారు; డి 8 బైట్ల సంఖ్యకు, ఈ 4 బైట్ల సంఖ్యకు గుర్తు. ఎఫ్‌టుసి ఆ స్థిరాంకాన్ని సి_బి2 అనే 4 బైట్ల చలరాశిగా మార్చి దాని చిరునామాను పంపింది. అవతలి వైపు అక్కడి నుంచి 8 బైట్లు చదువుతోంది. లిటిల్ ఎండియన్ (సంఖ్యలోని చివరి బైటును ముందు ఉంచే) యంత్రంలో పక్కనున్న 4 బైట్లు సున్నాలైతే ఆ విలువ దాదాపు సున్నా అవుతుంది. ఎక్కడ ఆగాలో చెప్పవలసిన ఆ పరిమితి ఎన్నడూ అందక, ప్రోగ్రాము ప్రతిసారీ గరిష్ఠ ఆవృత్తుల వరకూ తిరుగుతూ వచ్చింది. వాడేవారంతా దానిని యంత్రం నెమ్మది అనుకున్నారు. ఇటువంటి పొరపాటును బయటపెట్టిన ఎర్రర్‌ను టైప్ క్యాస్ట్‌తో (రకాన్ని బలవంతంగా మార్చి) నోరు మూయించడం ఎంతటి అపచారమో అప్పుడు అర్థమైంది. 2024లో వచ్చిన జీసీసీ 14 కంపైలర్ నుంచి పొసగని పాయింటర్ (చిరునామాను ఉంచే చలరాశి) రకాలను సి కోడ్‌లో ఎర్రర్‌గానే పరిగణించడం నాకు ఎంతో సంతోషం కలిగించింది.

లోపాలు లేకపోలేదు. ఫోర్ట్రాన్ 90 వాక్యనిర్మాణాన్ని ఇది అంగీకరించదు. నేను వాడిన ప్రతిలోని హెడర్ ఫైలు (అన్ని సి ఫైళ్లూ పంచుకునే నిర్వచనాల ఫైలు) ఇంటిజర్‌ను (పూర్ణాంకాన్ని) లాంగ్ ఇంట్‌గా నిర్వచిస్తుంది. 64 బిట్ లినక్స్‌లో అది 8 బైట్లు కావడం వల్ల, పూర్ణాంకాలు 4 బైట్లుగా ఉన్న పాత బైనరీ ఫైళ్లు తప్పుగా చదవబడ్డాయి, కంపైలర్ మాత్రం ఒక్క హెచ్చరికా ఇవ్వలేదు. దానిని ఇంట్‌గా మార్చాక, లిబ్‌ఎఫ్‌టుసిని కూడా అదే హెడర్‌తో తిరిగి కంపైల్ చేయవలసి వచ్చింది.

ఇంకొక జాగ్రత్త. ఫోర్ట్రాన్ అర్రేలు (విలువల పట్టికలు) మామూలుగా 1 నుంచి, సి అర్రేలు 0 నుంచి మొదలవుతాయి కనుక, ఎఫ్‌టుసి అర్రేను అందుకునే ప్రతి ఫంక్షన్ ఆరంభంలో దాని పాయింటర్‌ను ఒక స్థానం వెనక్కు జరుపుతుంది. అందం కోసం ఒకసారి ఆ వరుసలను తీసేశాను; కోడ్ చక్కగా కంపైల్ అయింది, ప్రతి అర్రేలోని మొదటి విలువ మాత్రం లెక్కలోకి రాకుండా పోయింది.