ఒకే కాలమ్ సాదా సీవీ: ఏడేళ్లు వాడాక నా అనుభవం

రంగులు, ఫొటో ఏమీ లేకుండా ఒకే కాలమ్‌లో నల్ల అక్షరాలతో ఉండే సాదా సీవీ గురించి రాస్తున్నాను. బెంగళూరులో ఏడేళ్లుగా ఇదే వాడుతున్నాను. మూడు ఉద్యోగాలు దీంతోనే వచ్చాయి, మధ్యలో లేఆఫ్ అయి ఐదు నెలలు ఖాళీగా ఉన్నప్పుడూ దీన్నే నమ్ముకున్నాను. నాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కాబట్టి ఉదాహరణలన్నీ అక్కడివే.

ముందు వాడినదాని గురించి చెప్పాలి. 2018లో అనంతపురం నుంచి వచ్చి మారతహళ్లిలో పీజీలో దిగినప్పుడు రూమ్మేట్ ఒక టెంప్లేట్ ఇచ్చింది. ఎడమవైపు నీలం పట్టీ, అందులో గుండ్రటి ఫొటో, దాని కింద ఒక్కో స్కిల్‌కి మూడో నాలుగో చుక్కలు. చూడ్డానికి చాలా బాగుండేది. రెండు నెలల్లో నూట ఇరవై చోట్ల అప్లై చేస్తే రెండంటే రెండే ఫోన్లు వచ్చాయి. లోపం ఎక్కడుందో ఒక కంపెనీ సైట్‌లో బయటపడింది. సీవీ అప్‌లోడ్ చేయగానే ఫారం దానంతటదే నిండుతుంది కదా, అందులో ఇంటర్న్‌షిప్ చేసిన కంపెనీ పేరు ఉండాల్సిన చోట 'సెలీనియం' (అది ఒక టెస్టింగ్ టూల్) అనీ, హోదా ఉండాల్సిన చోట 'హాబీలు' అనీ పడింది. వెంటనే పీడీఎఫ్ తెరిచి, మొత్తం సెలెక్ట్ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేశాను. ఎడమ పట్టీలో ఒక ముక్క, కుడివైపు ఒక ముక్క కలిసిపోయి 'జావా ప్రాజెక్ట్ తెలుగు ఇంగ్లిష్ టీమ్‌లో నలుగురు' అన్నట్టు వచ్చింది. చుక్కలు అసలు రాలేదు. ఫోన్ నంబరు బొమ్మలో కలిపి ఉండేది, అదీ రాలేదు. అంటే రెండు నెలలు కంప్యూటర్‌కి ఫోన్ నంబరే కనబడని సీవీ పంపుతూ, తప్పు నా చదువుదేమో అని ఏడ్చాను.

ఏటీఎస్, అంటే కంపెనీలు వచ్చిన సీవీలను చూసుకోవడానికి వాడే సాఫ్ట్‌వేర్, మన సీవీని చించి పారేస్తుందని చాలామంది భయపెడతారు. నాకు అర్థమైనంతలో అది ఎక్కువగా చేసేది సీవీలోని మాటలను విడదీసి దాచడం, రిక్రూటర్లు వెతికినప్పుడు చూపించడం. దానికి చదవడం రాని చోట మన స్కిల్ ఉంటే వెతుకులాటలో మన పేరు పైకి రాదు, అంతే. అందుకే ఆ రోజు నుంచి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి చూడకుండా ఒక్క సీవీ కూడా పంపలేదు.

మన తెలుగువాళ్లకి ఇంకో చిక్కు ఉంది. ఇంటిపేరు ముందు రాస్తాం, ఫారం దాన్నే ఫస్ట్ నేమ్ అనుకుంటుంది. దాదాపు ఏడాది పాటు హెచ్ఆర్ వాళ్లు నన్ను ఇంటిపేరుతోనే పిలిచారు. ఇప్పుడు సీవీ పైన పిలిచే పేరు ముందు, ఇంటిపేరు తర్వాత పెడుతున్నాను. ఆఫర్ వచ్చాక అడిగే ఫారాల్లో మాత్రం పదో తరగతి సర్టిఫికెట్‌లో ఎలా ఉందో అలాగే, ఒక్క అక్షరం తేడా లేకుండా రాయాలి.

నాన్న పేరు, పెళ్లి వివరం, పాస్‌పోర్ట్ నంబరు, చివర్లో 'పై వివరాలన్నీ నిజమని ప్రమాణం చేస్తున్నాను' అనే వాక్యం, అన్నీ తీసేశాను. ఇన్నేళ్లలో ఒక్కరూ అడగలేదు. వాటి స్థానంలో పేరు కిందే నోటీస్ పీరియడ్, అంటే రాజీనామా చేశాక ఎన్ని రోజులు పాత కంపెనీలోనే పనిచేయాలో, పెట్టాను, ఎందుకంటే ఇక్కడ ఫోన్ ఎత్తగానే మొదటి ప్రశ్న అదే.

అసలు తేడా వచ్చింది వాక్యాల దగ్గర. మొదట్లో 'రిగ్రెషన్ టెస్టింగ్‌కి బాధ్యత వహించాను' అని రాసేదాన్ని. రిగ్రెషన్ అంటే కొత్త మార్పుతో పాతవి ఏమైనా చెడ్డాయా అని మళ్లీ పరీక్షించడం. ఆ మాట టెస్టింగ్ చేసే ఎవరైనా రాయొచ్చు. మా పాత లీడ్ ఒక రోజు క్యాంటీన్‌లో కూర్చోబెట్టి, 'నువ్వు రాకముందు ఎంతసేపు పట్టేది, ఇప్పుడెంత పడుతోంది?' అని అడిగారు. రెండు రోజులు పట్టేది ఐదు గంటలకి వచ్చింది. ఆయన అడిగేదాకా ఆ లెక్క నేనే వేసుకోలేదు. 'బిల్లింగ్ మాడ్యూల్‌కి 140 టెస్టులు ఆటోమేట్ చేశాను, రెండు రోజుల రిగ్రెషన్ ఐదు గంటల్లో అవుతోంది' అని మార్చాక, ఆ తర్వాత వెళ్లిన ప్రతి ఇంటర్వ్యూ ఆ లైను దగ్గరే మొదలైంది. ఆ 140లో ఏవి తరచూ ఫెయిలయ్యేవి, ఎందుకు అని అడుగుతారు. చేసిన పని కాబట్టి గంటసేపైనా చెప్పగలను. అప్పటి నుంచి శుక్రవారం సాయంత్రం ఒక పెద్ద ఫైల్‌లో ఆ వారం పని రెండు లైన్లు రాసిపెడుతున్నాను. అప్లై చేసేటప్పుడు ఆ ఉద్యోగ ప్రకటన పక్కన పెట్టుకుని, సరిపోయేవి మాత్రమే ఏరి రెండు పేజీల్లోకి తెస్తాను.

ఖాళీగా ఉన్న రోజుల్లో ఒక కన్సల్టెన్సీకి వెళ్లాను. పదిహేను వేలు తీసుకుని, నన్ను అడగకుండానే సీవీలో రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్ కలిపేశారు. పేరు కూడా వినని కంపెనీ! నిలదీస్తే 'అందరూ చేసేదే, టెన్షన్ పడకండి మేడమ్' అన్నారు. డబ్బు వెనక్కి రాలేదు, నేనూ మళ్లీ వెళ్లలేదు. 2014 నుంచి పీఎఫ్‌కి యూఏఎన్ అని ప్రతి ఉద్యోగికీ ఒకటే నంబరు, ఉద్యోగాలు మారినా ఎక్కడ ఎప్పుడు చేశామో అందులో ఉంటుంది. కంపెనీ చేసే వెరిఫికేషన్‌లో తేదీలు సరిపోకపోతే చేరాక కూడా ఉద్యోగం పోవచ్చు. నాకు తెలిసిన అమ్మాయికి అలాగే పోయింది, ఇంట్లో లోన్లు ఉన్నాయి. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. నేను ఐదు నెలల ఖాళీని 'లేఆఫ్. ఈ సమయంలో ఏపీఐ టెస్టింగ్ నేర్చుకున్నాను' అని ఉన్నదున్నట్టు రాశాను. అడిగినవాళ్లు అడిగారు, ఉద్యోగమూ వచ్చింది.

ఇబ్బందులు లేకపోలేదు. ప్రింట్ తీస్తే పది సీవీల మధ్య నాది ఏదో గుర్తుపట్టడం కష్టం. ఏజెన్సీలు వర్డ్ ఫైలే కావాలంటాయి, దాన్ని ఇంకో వెర్షన్‌లో తెరిస్తే లైన్లు రెండో పేజీ నుంచి మూడో పేజీకి జారిపోతాయి, అందుకే పీడీఎఫ్, వర్డ్ రెండూ సిద్ధంగా ఉంచుకుంటాను. డిజైన్ ఉద్యోగాలకి ఇది చాలదు, వాళ్లకి పోర్ట్‌ఫోలియో తప్పనిసరి. ఐదుకి నాలుగు ఇస్తాను.

పోయిన నెల మా పిన్ని కూతురు కదిరి నుంచి వచ్చింది, బీకామ్ అయింది. ఫైల్ తెరిచి కూర్చుంటే 'అక్కా, రాయడానికి నేను చేసిందేముంది?' అంటుంది. మూడేళ్లుగా వాళ్ల కిరాణా కొట్టు లెక్కలు చూసేది తనే. నాలుగు వందల సరుకుల స్టాక్ నోటుబుక్కు నుంచి ఎక్సెల్‌లోకి ఎక్కించింది, బాబాయి ఇప్పుడు ఆ షీటు చూసే అనంతపురంలో సరుకు ఆర్డర్ పెడతాడట. అదే మొదటి లైనుగా రాయించాను. సోమవారం కోరమంగళలో దానికి ఇంటర్వ్యూ.