మూడు-మూడులో తెల్లరాయి దిగితే: హనేనా, నోబియా?

గో అంటే నల్ల, తెల్ల రాళ్లతో చోటు చుట్టుకునే ఇద్దరి ఆట. దాని బోర్డు ఎడమ కింది మూల చూడండి. అక్షరం ఎడమ నుంచి నిలువు లైనునూ, అంకె కింది నుంచి అడ్డ లైనునూ చెబుతాయి. డి4లో మీ నల్లరాయి ఉంది, సి3లో, అంటే రెండు అంచుల నుంచీ మూడో లైను అయిన మూడు-మూడులో, తెలుపు దిగింది. చుట్టూ రాళ్లు పడ్డాక ఇలా మూలలోకి చొరబడటం పాత అలవాటే. 2017లో గో ఆడే కంప్యూటర్ ప్రోగ్రాం ఆల్ఫాగో ఆటలు అందరూ చూశాక మాత్రం ఆట మొదట్లోనే దిగడం మామూలైపోయింది. దిగిన రాయిని చంపాలని చూడకండి, మూల మామూలుగా తెలుపుకే దక్కుతుంది. మీరు చూసుకోవలసింది బయట మిగిలే గోడ (మీ రాళ్ల వరుస) ఎంత గట్టిది అన్నదే.

ముందు ఎటు అడ్డుకోవాలో తేల్చుకోవాలి. సి4లో పెడితే ఎడమ పక్క మీకు మిగులుతుంది, తెలుపు డి3 మీదుగా కింది అంచు వెంట పోతుంది. సి10లో మీ రాయి ఉందంటే సి4కే వెళ్లాలి. ఎడమ పక్క అప్పటికే తెలుపు రాళ్లు కుదురుకుని ఉంటే అక్కడ గోడ కట్టి లాభం లేదు, డి3లో అడ్డుకోండి. ఈ ఎత్తు తప్పితే తర్వాతివన్నీ సరిగ్గా ఆడినా గోడ పనికిరాని వైపు చూస్తుంది.

సి4, డి3 అయ్యాయనుకుందాం. ఇక్కడే దారులు చీలతాయి.

హనే అంటే ఎదుటి రాయి ముందుకు వంగి అడ్డుపడటం, ఇక్కడ ఈ3. తెలుపు ఈ2, మీరు ఎఫ్3. తెలుపు పాకడం ఆగింది, గోడ కిందికి దిగింది. చూపుకి బాగుంటుంది కానీ ఈ4లో కోత (మీ రాళ్లను విడదీసే చోటు) మిగిలిపోయింది. తెలుపు అక్కడ కోస్తే మీరు ఈ5లో అటారి (పక్కన ఒక్క ఖాళీయే మిగిల్చి, తర్వాతి ఎత్తులో తింటానని బెదిరింపు) ఇస్తారు, తెలుపు ఎఫ్4కి పారుతుంది, మీరు జి4 అంటారు, అది ఎఫ్5 అంటుంది. ఇలా పై కుడి మూల వైపు లాడర్ (అటారి మీద అటారిగా మెట్లలా సాగే తరుము) నడుస్తుంది. ఆ దారిలో ఒక్క తెల్లరాయి ఉన్నా మీ గోడ రెండు ముక్కలే. అందుకే హనే వేసే ముందు లాడర్ చివరిదాకా కళ్లతో చదవండి.

పాత జోసెకిలో (మూలలో అలవాటుగా ఆడే ఎత్తుల వరుసలో) తెలుపు వెంటనే బి4, బి5, బి3, సి5 ఆడించేది. ఇప్పటి ఆటగాళ్లు ఆ నాలుగూ ఆడకుండా వేరేచోటికి వెళ్తారు. ఆ మార్పిడితో మూలలో ఏడెనిమిది పాయింట్లు ఖాయమవుతాయి కానీ మీ ఎడమ గోడ ఉచితంగా బలపడుతుంది.

నోబి అంటే ఈ4. డి4కి ఆనుకుని నిలబడటమే, కోత అన్నదే ఉండదు. తెలుపు ఈ3కి తోస్తే ఎఫ్4. పొరపాటున ఎఫ్3కి దిగారా, ఎఫ్4లో మళ్లీ కోత పుట్టుకొస్తుంది, గట్టితనం కోసం వేసిన నోబి దండగవుతుంది. దీనికి ధర లేకపోలేదు. మూడో లైను మీద పాకే ప్రతి రాయికీ తెలుపుకి కింద రెండు పాయింట్లు వస్తాయి. కింది అంచు అప్పటికే తెలుపుదైతే ఆ నష్టం పెద్దది కాదు. అక్కడ మీ రాళ్లే ఉంటే మాత్రం బాధే.

మూడోది రెండు హనేలు: ఈ3, ఈ2 తర్వాత ఎఫ్2. తెలుపు ఎఫ్3తో అటారి ఇస్తే ఈ4లో కలపండి. జి2లో ఇంకో అటారి వస్తుంది, ఎఫ్2ని వదిలేసి డి2. తెలుపు ఎఫ్1తో ఒక రాయి తింటుంది, మీరు సి2. మూల తిరిగి మీదే, కింది అంచు తెలుపుది. తెలుపు ఎఫ్3 బదులు డి2లో కలిపితే మీరు ఎఫ్3లో కలపండి, అది చిన్నగా బతుకుతుంది.

ఏది మేలంటే, లాడర్ మీకు అనుకూలంగా ఉండి కింది అంచులో మీ రాయి ఉంటే హనే. మూలే కావాలి, కింది అంచు పోయినా పర్లేదు అనుకుంటే రెండు హనేలు. లాడర్ చెడ్డదైనా, లెక్క మీద నమ్మకం కుదరకపోయినా నోబి. క్యూ (ఔత్సాహికుల కింది శ్రేణి) స్థాయిలో ఆటలు పోయేది రెండు పాయింట్లు తక్కువై కాదు, ఈ4 కోత పడి గోడ చీలి, రెండు గుంపులనూ ఒకేసారి కాపాడుకోలేక. అందుకే అనుమానంగా ఉన్న ప్రతిసారీ నేను ఈ4 వైపే మొగ్గుతాను.