పాపకి లెక్కల కోసం కొన్న స్టీలు కొలత కప్పులు ఎలా ఉన్నాయంటే

రెండో తరగతి చదివే మా పాపని 1/2 పెద్దదా 1/4 పెద్దదా అని అడిగితే మొన్నమొన్నటి దాకా 1/4 అనేది, రెండు కంటే నాలుగు పెద్దది కదమ్మా అని దాని వాదన. నోటుబుక్కులో ఎన్ని రొట్టెలు గీసి ముక్కలు చేసి చూపించినా తలకెక్కలేదు, నాకేమో టెన్షన్. చివరికి నెల్లూరు చిన్నబజారులో ఒక స్టీలు సామాన్ల కొట్లో ఈ సెట్టు కొన్నాను, 220 రూపాయలు. ఒక కప్పు, అర, మూడో వంతు, పావు, మొత్తం నాలుగు.

ఇంటికి రాగానే పావు కప్పు చేతికిచ్చి బియ్యంతో పెద్ద కప్పు నింపమన్నాను. నాలుగుసార్లు పోసింది. అర కప్పుతో రెండుసార్లకే నిండిపోయింది. "అయితే పావే చిన్నదమ్మా!" అని తనే అరిచింది, నేనేమీ చెప్పలేదు.

దోశల పిండి రోజు మాత్రం నేనే ఆశ్చర్యపోయాను. మేము 3 కప్పుల బియ్యానికి 1 కప్పు మినప్పప్పు నానబోస్తాం. ఆయన ఊళ్లో లేరు, అందులో సగం చాలు అన్నాను. మూడులో సగం ఎంతో చెప్పగలదా అని నేను చూస్తుంటే, అది పెద్ద కప్పు పక్కన పెట్టేసి, అర కప్పుతో బియ్యం మూడుసార్లు, పప్పు ఒకసారి పోసేసింది. లెక్క అదే, కొలత మారిందంతే. నాకు ఆ ఆలోచనే రాలేదు! పొద్దున కారం దోశలు ఎప్పటిలాగే వచ్చాయి.

ఇదంతా చూసి మా అత్తమ్మ అటక మీది పాతకాలం కొలత పాత్రలు, గిద్ద, సోల దింపించారు. రెండు గిద్దలు అరసోల, రెండు అరసోలలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. అన్నీ రెట్టింపులే. "మానికకి ఎన్ని గిద్దలు జేజమ్మా" అని అడిగి, ఆవిడ చెప్పేలోపే వేళ్ల మీద లెక్కేసుకుని 16 అంది. బడిలో ఎక్కం అప్పజెప్పమంటే ఏడ్చే పిల్ల.

ఒక లోపం ఉంది, చెప్పాలి. మాకొచ్చిన మూడో వంతు కప్పు తప్పు. మూడుసార్లు పోసినా పెద్ద కప్పు నిండలేదు, పైన వేలి మందం వెలితి. పాప తనదే తప్పనుకుని మళ్లీ మళ్లీ పోసింది, నాకు చాలా బాధనిపించింది. కొట్టాయన మాట్లాడకుండా మార్చిచ్చారు గానీ మీరు కొనేటప్పుడు అక్కడే నీళ్లు పోసి చూసుకోండి. అంకెలు స్టీలు మీదే అచ్చు కొట్టి ఉన్నవి తీసుకోండి, స్టిక్కర్లవి నాలుగు కడుగులకి పోతాయి. కొన్ని సెట్లలో కప్పు 240 మిల్లీలీటర్లు, కొన్నిట్లో 250, రెండు సెట్లు కలిపి వాడొద్దు. పిల్లలు గోపురంలా పోస్తారు, పైన చదును చేయడం మొదట్లోనే నేర్పాలి. పావు కప్పు కాడ బరువుకి పక్కకి ఒరుగుతుంది, చేత్తో పట్టుకోమని చెప్పండి.

ఇక స్పూన్ల సెట్టు కొనాలి, 5 మిల్లీలీటర్లది, 15 ది. చిన్నది మూడుసార్లు పోస్తే పెద్దది నిండుతుందా లేదా, ఈసారి పాపే కొట్లో పోసి చూస్తానంటోంది.