సిడోనియాతో పదేళ్లు

'నైట్స్ ఆఫ్ సిడోనియా' అనే జపనీస్ అనిమే (యానిమేషన్ సిరీస్)లో హీరో నగాటే తనికాజే మొదటిసారి పైకి వచ్చింది బియ్యం కోసం. అంతరిక్షంలో తిరిగే ఒక పెద్ద ఓడ అడుగున, ఎవరికీ తెలియని ఒక మూల తాతయ్యతో కలిసి పెరిగాడు. తాతయ్య పోయాడు. తిండి అయిపోయింది. ఒక పాత సిమ్యులేటర్ మాత్రం మిగిలింది, రోజంతా అందులో కూర్చుని యుద్ధం ప్రాక్టీస్ చేస్తుంటాడు. చివరికి ఆకలికి ఆగలేక పైకెక్కి, బియ్యం దొంగిలించబోయి దొరికిపోతాడు. అంతరిక్షంలో రోబోలూ రాక్షసులూ కొట్టుకునే సిరీస్ అంటే చూడ్డం మొదలుపెట్టాను నేను. ఆ మొదటి ఎపిసోడ్‌లో నా మనసులో ఉండిపోయింది మాత్రం ఆ కుర్రాడి ఆకలే.

'నైట్స్ ఆఫ్ సిడోనియా' మొదటి సీజన్ 2014లో వచ్చింది, 12 ఎపిసోడ్లు. 2015లో రెండో సీజన్, ఇంకో 12. కథ ముగింపు 2021లో సినిమాగా వచ్చింది. మొదటిది వచ్చిన ఏడాదే చూశాను. రెండోదాన్ని వారం వారం, కొత్త ఎపిసోడ్ ఎప్పుడొస్తుందా అని కాచుకుని చూశాను. మొన్న సంక్రాంతి సెలవుల్లో సినిమాతో సహా అంతా మళ్లీ చూశాను, ఇది నాలుగోసారి. ఇన్నిసార్లు చూశాక రాస్తున్నాను కాబట్టి కథలో కొన్ని మలుపులు ఇక్కడ బయటపడతాయి. ముగింపు మాత్రం చెప్పను.

కథ జరిగేది 3394లో. గౌనా అనే జీవులు భూమిని నాశనం చేసి వెయ్యేళ్లు దాటింది. బతికి బయటపడ్డవాళ్లు పెద్ద పెద్ద ఓడల్లో తలో దిక్కుకీ చెదిరిపోయారు. అందులో ఒకటి సిడోనియా. మిగతా ఓడలు ఏమయ్యాయో వీళ్లకి తెలియదు. లక్షల మంది జనం అందులోనే పుడతారు, అందులోనే పోతారు. ఊరు వదిలి వచ్చినవాళ్ల కథల్లో మామూలుగా ఊరి జ్ఞాపకాలుంటాయి, పాటలుంటాయి, 'ఎప్పటికైనా తిరిగి వెళ్తాం' అనే మాట ఉంటుంది. ఇక్కడ అవేవీ లేవు. వెయ్యేళ్లయ్యాక ఎవరికి ఏం గుర్తుంటుంది? భూమి పోయిందన్న సంగతి వీళ్ల మాటల్లో కనిపించదు, ఒంట్లో కనిపిస్తుంది. తిండి చాలక మనుషుల జన్యువులే మార్చుకున్నారు. చెట్లలాగా ఒంటికి వెలుతురు తగిలించుకుని బతుకుతారు, వారానికి ఒక్కసారి భోజనం చేస్తే చాలు. ఆడా మగా కాని మూడో రకం మనుషులు కూడా పుడుతున్నారు. ఇజానా అలాంటి మనిషే. క్లోన్లుగా పుట్టిన హొనొకా అక్కచెల్లెళ్లు 22 మంది, అందరిదీ ఒకే ముఖం. వీళ్లందరి మధ్యకి పాతకాలం మనిషి ఒంటితో వచ్చిపడ్డాడు నగాటే. వాడికి రోజుకి మూడు పూటలా అన్నం కావాలి. క్యాంటీన్‌లో వాడు తింటుంటే చుట్టూ ఉన్నవాళ్లు వింతగా చూస్తారు. వెలివేతకి గురైన జనం మధ్య ఇంకో వెలివేత. ఒక్క కంచం చూపించి ఇంత చెప్పారు.

ఈ సిరీస్‌ని నేను ఇన్నిసార్లు చూడ్డానికి కారణం ఒకటే. ఇందులో ఏ కదలికా ఊరికే జరగదు. ప్రతిదానికీ ఎవరో ఒకరు ఖరీదు కడతారు.

మొదటి సీజన్ మొదటి సగంలోనే ఒక సంఘటన ఉంది. గౌనా దాడి నుంచి తప్పుకోడానికి ఓడ ఉన్నట్టుండి దారి మార్చాలి. కెప్టెన్ కొబయాషి ఆర్డర్ ఇస్తుంది. ఆమె ముఖానికి ఎప్పుడూ మాస్క్ ఉంటుంది, ఆ క్షణంలో ఆమె ఏమనుకుంటుందో మనకి తెలియదు. ఇలాంటి సీన్ వేరే చోట అయితే బయట నుంచి ఓడ తిరగడం చూపించి వదిలేసేవాళ్లు. ఇక్కడ కెమెరా లోపలికి వస్తుంది. సిడోనియాలో ఊరంతా నిలువుగా ఉంటుంది. లోతైన బావి గోడలకి ఇళ్లు అతికించినట్టు, ఒకదాని మీద ఒకటి. మెట్లు, సన్నటి వంతెనలు, గోడల వెంట పైపులు, కడ్డీలు. వీధుల్లో తిరిగేవాళ్ల నడుముకి బెల్టు ఉంటుంది. సైరన్ మోగగానే ఆ బెల్టు కొక్కేన్ని దగ్గర్లో ఉన్న కడ్డీకి తగిలించుకోవాలి. మొదటిసారి చూసినప్పుడు ఆ బెల్టులు ఏదో ఫ్యాషన్ అనుకున్నాను. సైరన్ మోగింది. కొందరు తగిలించుకున్నారు. కొందరికి కడ్డీ అందలేదు. అంతే, 'కింద' అనేది పక్కకి జరిగిపోయింది. నిలబడ్డ నేల గోడ అయింది, మనుషులు వీధి పొడుగునా పడిపోయారు. ఓడ బతికింది. శత్రువు తాకకుండానే జనం చచ్చిపోయారు.

అది చూశాక, తర్వాతి యుద్ధాల్లో కెప్టెన్ ఏ ఆర్డర్ ఇచ్చినా నా కళ్లు ఆ కడ్డీల కోసం వెతికేవి. ఇప్పటికీ నాకు ఆ టెన్షన్ తగ్గలేదు. ఓడలో యుద్ధమే వద్దు అని వాదించేవాళ్లు కూడా ఉన్నారు. మొదటిసారి చూసినప్పుడు వాళ్లమీద చిరాకు వచ్చింది. నాలుగోసారికి వాళ్ల కోపం నాకు అర్థమైంది. ఆ వీధుల్లో పడిపోయినవాళ్లు వీళ్ల ఇళ్లవాళ్లే కదా.

ఈ కథకి మూలమైన మాంగాని (జపనీస్ బొమ్మల కథని) త్సుటోము నిహెయ్ 2009 నుంచి 2015 దాకా గీశాడు, మొత్తం 15 సంపుటాలు. అతను మాంగాలోకి రాకముందు భవన నిర్మాణ రంగంలో పనిచేశాడు. ఆ సంగతి తెలిశాక ఈ నిలువు ఊరిని ఇంకోలా చూశాను. ఏ మెట్టు ఎక్కడికి వెళ్తుంది, ఏ పైపులోంచి ఏం వస్తుంది అని ఆలోచించి కట్టిన ఊరిది, మనుషులు కాపురాలు చేస్తున్న ఊరు.

అన్నిటికంటే నాకు ఇష్టమైంది నగాటే, తోటి పైలట్ అమ్మాయి హోషిజిరో దారి తప్పి అంతరిక్షంలో కొట్టుకుపోయే ఎపిసోడ్. యుద్ధంలో హోషిజిరో కాక్‌పిట్ విడిపోయి దూరంగా వెళ్లిపోతుంది. వెళ్లొద్దన్నా వినకుండా ఆమె కోసం నగాటే వెళ్తాడు. చేరుకుంటాడు గానీ, తిరిగి రావడానికి ఇంధనం ఉండదు. ఇరుకు కాక్‌పిట్‌లో ఇద్దరూ రోజుల తరబడి. ఆమెకి వెలుతురు చాలు. వాడికి తిండి కావాలి, నీళ్లు కావాలి. నీళ్లు కూడా అయిపోతాయి. వాళ్ల సూట్ ఒంట్లోంచి పోయిందాన్నే శుద్ధి చేసి తాగే నీళ్లుగా మారుస్తుంది. ఆ నీళ్లని హోషిజిరో వాడికి ఇస్తుంది. ఇచ్చేటప్పుడు ఆమె సిగ్గుపడుతుంది. వాడు మాట్లాడకుండా తాగుతాడు. ప్రేమ అనే మాట ఇద్దరూ అనరు. ఆ గ్లాసుడు నీళ్ల తర్వాత ఆ మాట అవసరం కూడా లేదు.

అప్పుడు దూరంగా ఒక వెలుగు. ఈ సిరీస్‌లో గార్డెలు, అంటే మనుషులు నడిపే ఆ పెద్ద రోబోలు, దూరం వెళ్లాలంటే ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని వలయంగా ఏర్పడతాయి. అందరి బలం కలిస్తే వేగం పెరుగుతుంది. ఎన్ని కలిస్తే అంత. ఇద్దరి కోసం 256 గార్డెలు చేతులు కలుపుకుని వచ్చాయి. అంతకుముందు బతికి బయటపడే లెక్కలు వేసి మనుషుల్ని వదులుకున్న ఓడ అది. ఆ ఓడే ఇద్దరి కోసం ఇంతమందిని పంపింది. నాలుగుసార్లు చూశాను, నాలుగుసార్లూ ఏడ్చాను.

దాని తర్వాత ఏం జరుగుతుందో తెలిసినవాళ్లకి తెలుసు. హోషిజిరోని గౌనా మింగేస్తుంది. గౌనా దేన్ని మింగితే దాని రూపం తెచ్చుకుంటుంది. ఆమె ముఖంతో, ఆమె గార్డె ఆకారంతో అది మళ్లీ యుద్ధానికి వస్తుంది. వస్తూ నవ్వుతుంది. ఆ నవ్వు హెడ్‌ఫోన్స్‌లో వినాలి. సౌండ్ డైరెక్టర్ యొషికాజు ఇవానామి ఈ సిరీస్‌కి ప్రాణం పోశాడని నేను గట్టిగా నమ్ముతాను. సైరన్, ఈటె గుచ్చుకున్నప్పుడు వచ్చే చప్పుడు, కాక్‌పిట్‌లో ఊపిరి, వెంటనే వచ్చే నిశ్శబ్దం. టీవీ స్పీకర్లలో ఇదంతా సగం పోతుంది. ఆంజెలా పాడిన ఓపెనింగ్ పాటైతే కవాతు పాటలా గుండెల మీద కొడుతుంది, ఒక్కసారి కూడా దాన్ని స్కిప్ చేయలేదు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. పాలిగాన్ పిక్చర్స్ వాళ్లు దీన్ని పూర్తిగా కంప్యూటర్ గ్రాఫిక్స్‌తో చేశారు. యుద్ధాల్లో అది అద్భుతంగా ఉంటుంది. మామూలు మాటల సీన్లలో మాత్రం మనుషులు బొమ్మల్లా, తడబడుతూ నడుస్తారు. మొదటి రెండు ఎపిసోడ్లలో నాకు ఎవరు ఎవరో పోల్చుకోవడమే కష్టమైంది. నగాటే పొరపాటున అమ్మాయిల గదిలోకి వెళ్లడం, దెబ్బలు తినడం అనే జోకు ఎన్నిసార్లు వస్తుందో చెప్పలేను. అంత బరువైన కథలో అది అడుగడుగునా అడ్డుపడింది. రెండో సీజన్‌లో ఇంకా ఎక్కువైంది. ఇజానా లాంటి లోతైన పాత్రని కూడా ఆ జోకుల్లోకి లాగడం నాకు నచ్చలేదు.

రెండో సీజన్ వారం వారం వస్తున్నప్పుడు నాకు కోపం వచ్చింది సుముగి విషయంలోనే. మనిషికీ గౌనాకీ పుట్టిన జీవి. గార్డె అంత సైజు. హోషిజిరో రూపం తెచ్చుకున్న ఆ గౌనా పదార్థం నుంచే పుట్టింది. చిన్నపిల్లలా మాట్లాడుతుంది. ఇంత యుద్ధం మధ్య ఈ ముద్దుమాటలేంటి అనుకున్నాను. రెండుమూడు వారాలు అదే అసంతృప్తితో చూశాను.

మనసు మారింది ఒక ఇంటి దగ్గర. సుముగి ఇంట్లోకి పట్టదు. కానీ ఒంట్లోంచి పొడుగాటి తీగ ఒకటి సాచి, ఓడ పైపుల గుండా పంపగలదు. ఆ తీగ కొస చిన్న ముఖంలా ఉంటుంది. నగాటే, ఇజానా ఒక ఇల్లు చూసుకుంటారు. ఆ ఇంట్లోకి పైపు ఉంది కాబట్టి సుముగి కూడా రాగలదు. గోడలోంచి తల బయటపెట్టి, వాళ్లు కూర్చున్న చోటికి వచ్చి, కబుర్లు వింటుంది. జనం చావుకి కారణమైన జాతి రక్తం సగం ఉన్న జీవి, ఆ జనం ఇంట్లో గోడలోంచి వచ్చి కూర్చుంటుంది, ఎవరూ పొమ్మనరు. ఇంకో సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. హోషిజిరోకి, సుముగికి గొంతు ఇచ్చింది ఒకరే, అయా సుజాకి. అది తెలిశాక మళ్లీ చూస్తే, సుముగి 'తనికాజే-సాన్' అని పిలిచిన ప్రతిసారీ నగాటే ముఖం వైపే చూశాను. సినిమా మొత్తం ఈ ఇద్దరి మీదే నడుస్తుంది. చాలా కథని ఒక్క సినిమాలో కుదించారు, రెండో సగంలో పరుగు ఎక్కువైంది. ఇంకో సీజన్‌గా తీసి ఉంటే బాగుండేది. అయినా ఆరేళ్లు ఎదురుచూసినందుకు నాకు తృప్తిగానే ఉంది.

కొత్తగా చూసేవాళ్లకి రెండు మాటలు. ఫోన్‌లో చూడొద్దు. ఇందులో సగం సీన్లు చీకట్లో ఉంటాయి, చిన్న స్క్రీన్ మీద ఏమీ కనిపించదు. జపనీస్ ఆడియోతోనే చూడండి, సుముగి గొంతు గురించి పైన చెప్పానుగా. మొదటి రెండు ఎపిసోడ్లు అర్థం కాకపోయినా ఆగండి, ఈ కథ ఏదీ నిలబెట్టి వివరించదు. 256 గార్డెలు వచ్చే సీన్ దాకా చూసి అప్పుడు నిర్ణయించుకోండి.

ఈ సంక్రాంతికి మా చెల్లి నా పక్కన కూర్చుని చూసింది. తనకి అనిమే అలవాటు లేదు. మొదటి ఎపిసోడ్ అయ్యేసరికి "ఆ అబ్బాయికి ముందు అన్నం పెట్టమను" అంది. ఊరు పక్కకి ఒరిగిన సీన్‌లో నా చెయ్యి పట్టుకుంది. ఆ తర్వాత నుంచి, బెల్టు తగిలించుకోకుండా వీధిలో ఎవరు కనిపించినా "తగిలించుకో, తగిలించుకో" అంటూనే ఉంది.